పల్లవి మరల వచ్చినప్పుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నేను గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. సంగీత విద్వాంసుడను గాను. చదివిన నాలుగు కావ్యములును ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి చదివినవే. ఆ చనువుతో ఒక చిన్న సందేహమును మీ ముందుంచుచున్నాను. చెప్పినదే మరల చెప్పుట కావ్యమున పునరుక్తి దోషము. పాటలో పల్లవి పదిమారులు వచ్చినను దోషము కాదేల? ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టుటకు కారణమేమి?

మొదట శతకమును చూడుడు. మన ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకమున ప్రతి పద్యమును ఒకే సంబోధనతో ముగించెను. అయినను ఆ పిలుపు ఒకచోట మొరగాను, ఒకచోట నిష్ఠురముగాను, మరియొకచోట శరణాగతిగాను వినబడును. మకుటము మారలేదు, దానియొద్దకు వచ్చిన త్రోవ మారినది.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములందును ఇదియే మర్మము. సాధారణముగా ఒక పల్లవి, మూడు చరణములు. ప్రతి చరణము పిదప పల్లవి రాగా, అదే మాట క్రొత్త అర్థముతో అతుకుకొనును. తిరుమలలో దొరకిన రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. కావుననే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు పెద్దలు వానిలో పెక్కింటికి వరుసలు కూర్పవలసివచ్చెను. వరుస పోయినను పల్లవికిని చరణమునకును గల బంధుత్వము సాహిత్యముననే నిలిచియుండెను.

ఇక గానమున మార్పు తెచ్చు పద్ధతికి సంగతి యని పేరు. దీనిని కృతికి ప్రాణముగా చేసినవారు త్యాగరాజస్వామివారని (1767–1847) పెద్దల మాట. మొదటి సంగతి సాదాగా నుండును, రెండవదానిలో ఒక్క అక్షరముపై చిన్న మలుపు, మూడవదానిలో మరికొంత. మెట్టు వెనుక మెట్టుగా ఎక్కుటయే గాని ఒక్క దుముకు లేదు.

మన పుంగనూరున జన్మించి, 1954లో సంగీత కళానిధి బిరుదమందిన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లెగారు (1898–1975) పల్లవి గానమున దిట్టలు. రాగము, తానము ముగిసిన పిదప విద్వాంసులు పాడు ఆ పల్లవి ఒక్క పంక్తి మాత్రమే. నెరవల్‌లో మాటలు తాళమున తమ తమ స్థానములందే యుండ, స్వరసంచారము మారును. అనులోమమున తాళము కదలక, పాట నడక రెట్టింపగును. ఎంత దూరము పోయినను పదగర్భమను విరామస్థానమునకు తప్పక వచ్చి చేరవలయును. ఒకటి నిలుపుము, ఒకటి మార్పుము: ఇంతియే రహస్యము.

ఇది నేను పుస్తకమున గాక పరాభవమున నేర్చితిని. చాల ఏండ్ల క్రిందట ఒక ధనుర్మాసపు భజనలో ముందుపాట నాకిచ్చిరి. పాండిత్యము చూపవలెనను ఆశతో పల్లవిని ప్రతిమారును ఒక్కొక్క విధముగా త్రిప్పితిని, ఎత్తుగడయు మార్చితిని. వెంటపాటవారు ఎచ్చట అందుకొనవలెనో తెలియక ఒక్కొక్కరే నిలిచిపోయిరి. తాళములును ఆగెను. అప్పుడొక వృద్ధుడు, అక్షరము రానివాడు, మెల్లగా ననెను: “ఇల్లంతా తిప్పు సామీ, బాగుండాది. కానీ మళ్లా వాకిటికాడికి తెచ్చి ఇడువు. మేము ఆడనే గదా నిలబడుండేది!” ఏ లక్షణగ్రంథమును నాకంత స్పష్టముగా చెప్పలేదు.

మా అడంగలును ఇట్టిదే. సర్వే నంబరు ఏటేట అదియే, పైరు మారును. ఒక ఏడు వేరుశనగ, ఒక ఏడు చెరకు, ఒక ఏడు బీడు. బీడును గూడ వ్రాయవలసినదే. పాటలో మౌనమట్టిది.

నేడు పాటలు ముద్రించు గదులలో ఒక చరణపు వాద్యములను ఒకమారు పట్టి, యంత్రముతో తక్కిన చరణములకు అతికించుట సులభమైనది. నేర్పరి యంతటితో తృప్తి చెందడు. రెండవమారు వేణువును చేర్చును. మూడవమారు మృదంగమును ఆపి శ్రుతిని మాత్రము మిగుల్చును. తుదకు బృందమునెల్ల తెచ్చును. సాధనము క్రొత్తది, న్యాయము పాతదే.

నా దుఃఖము వేరొకటి. గత ధనుర్మాసమున మా భజనమందిరమున పాడువారు చాలక, కొన్నినాళ్లు సెల్‌ఫోనును మైకునకు తగిలించి పాట పెట్టితిమి. పాట మంచిదే, గొంతును మంచిదే. కాని అది ప్రతిదినమును ఒక్కచోటనే ఊపిరి తీసికొనును. ముందు కూర్చున్న అవ్వ కునుకుచున్నదని కాలము పెంచదు; పసివాడు చేతులు తట్టెనని పల్లవిని ఇంకొకమారు ఎత్తుకొనదు. వినువారి ముఖము చూచి మారునదే సజీవమైన మార్పు.

కావున యువకులను, బాలికలను నేను కోరునది ఒక్కటే. శనివారపు సాయంకాలములందు మందిరమునకు రండు. కీర్తనల పుస్తకములు ఈ గ్రంథాలయముననే యున్నవి. మొదట పల్లవిని ఉన్నది ఉన్నట్లు నేర్వుడు. పిదప ఒక్క అక్షరమును కదలింపుడు. మీరు తప్పినచో వాకిలి చూపుటకు పెద్దలింకను కొందరున్నారు. వారుండగనే రండు.

సెలవు.