పక్షానికో మెట్టు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్ట్‌వేరు వారి కొత్త పని పద్ధతుల గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. ముప్పై రెండేళ్లు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాడికి ఆ గొడవెందుకని మీరనుకోవచ్చు. ఆ కథ నా పొరపాటుతోనే మొదలైంది.

రెండేళ్ల క్రిందట సభ్యులందరి వివరాలూ ఒకచోట చేర్చాలని మనం తీర్మానించుకున్నాం. ఫారం తయారుచేసే బాధ్యత నాది. 34 గడులతో గీశాను. కమిటీలో పెడితే సవరణలు వచ్చాయి. మళ్లీ గీశాను, మళ్లీ సవరణలు. పదకొండు నెలలు గడిచినా ఒక్క గడప తొక్కలేదు. ఈలోగా రేపల్లెలో మన మిత్రుడొకరు కాలం చేశారు. పి.పి.ఓ. ఎక్కడుందో ఆయన భార్యకు తెలియదు. తీరా దొరికితే అందులో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంది. కుటుంబ పెన్షను చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. పరామర్శకు వెళితే ఆ చెల్లెమ్మ, "ఆయన ఉండగానే ఎవరైనా ఇది అడిగి ఉంటే బాగుండేది అన్నయ్యగారూ" అంది. అడగవలసినవాణ్ణి నేనే. నా ఫారం మాత్రం మూడో సవరణతో బీరువాలో భద్రంగా ఉంది.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మనవడికి ఈ సంగతి చెప్పుకుని బాధపడ్డాను. "తాతయ్యా, మా వాళ్లూ ఒకప్పుడు ఇలాగే చేసేవారట" అన్నాడు. ముందు అంతా రాసుకోవడం, తర్వాత అంతా కట్టడం, ఏళ్ల తర్వాత అప్పగించడం. అప్పటికి వాడేవారి అవసరమే మారిపోయేది. అందుకని 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనేచోట 17 మంది నిపుణులు సమావేశమై ఒక ప్రకటన చేశారు. దానికి ఎజైల్ అని పేరు పెట్టారు. చురుకైనది అని అర్థం. కాగితాల బొత్తికన్నా పనిచేసే వస్తువు ముఖ్యమనీ, వాడేవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలనీ, మార్పు వస్తే విసుక్కోకుండా స్వీకరించాలనీ దాని సారాంశం.

ఆచరణలో చాలామంది రెండు వారాలకొక విడత పెట్టుకుంటారు. ఆ విడతలో చిన్న ముక్కే అయినా పూర్తిగా చేసి వాడేవారికి చూపిస్తారు. రోజూ పావుగంట నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డమేమిటి అని చెప్పుకుంటారు. చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి అని బోర్డు మీద చీటీలు అంటిస్తారు. వింటుంటే నాకు మన పర్సనల్ రిజిస్టరే గుర్తుకొచ్చింది. కాకపోతే మన రిజిస్టరు పై అధికారి తనిఖీకి, వారి బోర్డు అందరి కళ్లకూ.

అన్ని పనులకూ ఇది చెల్లదు సుమా. పెనుమూడి-పులిగడ్డ వారధిని సగం కట్టి జనాన్ని నడిపించి చూస్తామంటే కృష్ణమ్మ ఒప్పుకోదు. అక్కడ ముందు అంచనాలు, డిజైన్లు ఉండాల్సిందే. జనంతో పడే పని వేరు. మీసేవ కూడా 2011 నవంబరులో కొద్దిపాటి సేవలతో చిత్తూరు జిల్లాలో మొదలై, ఆ తర్వాతే తక్కిన జిల్లాలకు వచ్చింది.

మనమూ అలాగే చేశాం. 34 గడులు పక్కన పెట్టి అయిదే ఉంచాం: పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, అందులో భార్య లేక భర్త పేరు, ఆధార్‌లో పేరు, కబురు చేయవలసిన ఫోను. మొదటి పక్షం తెనాలిలో 12 ఇళ్లకు వెళ్లాం. ఆడవాళ్లు చూసి రెండు మాటలన్నారు. అక్షరాలు కనపడటం లేదన్నారు. కాగితాలు ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నాయో రాయించండి, మాకు కావలసింది అదేనన్నారు. పదకొండు నెలల్లో కమిటీలో ఒక్కరికీ తట్టని గడి అది! రెండో పక్షం ఆరో గడితో, పెద్ద అక్షరాలతో బాపట్ల వెళ్లాం. అక్కడ నాలుగిళ్లలో పేర్లు సరిపోలేదు. దరఖాస్తులు అక్కడే రాసిచ్చాం. మూడో పక్షం రేపల్లె. పల్లెల్లో ఉన్నవారు ఆదివారం రాలేమన్నారు, రోజు మార్చుకున్నాం. జీవన ప్రమాణ పత్రం ఫోనులో ముఖం చూపి ఎలా ఇవ్వవచ్చో కూడా అక్కడే నేర్పాం. ఆ సదుపాయం 2021 నుంచి ఉన్నా, చాలామందికి చూపించినవారు లేరు.

రోజువారీ సమావేశం మాకు సాయంత్రం నడకలోనే జరిగిపోతోంది. నిలబడి కాదు, కూర్చోవడానికి అరుగు దొరికినచోట.

ఇంకా చాలా ఇళ్లు మిగిలే ఉన్నాయి. మీలో ప్రతి ఒక్కరూ వచ్చే పక్షంలో రెండేసి ఇళ్లు తీసుకోవలసిందిగా ప్రార్థన. మొదటి ఇల్లు మీదే కావాలి. నేను ఆ కాగితం మా ఇంట్లో నింపుతుంటే మా ఆవిడ, "యాభై ఏళ్ల కాపురంలో ఈ అర తాళం ఎక్కడుందో ఇప్పటికి చెప్పారు" అంది. మీరు అంతకాలం ఆగకండి.