రచ్చబండ బొమ్మలో మనమెక్కడ?



1995లో పెదరాయుడు వచ్చింది. రచ్చబండ మీద పెద్దకులం ఆసామి తీర్పు చెబుతుంటే మన పల్లెల్లోనూ ఈలలేశారు. తర్వాత 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు. వాళ్ల కులం పోస్టరెక్కితే పౌరుషం, మన కులం నోటికొస్తే తిట్టు!

టీవీలో అవే మళ్లీ మళ్లీ. నా బడిలో పిల్లకాయలు తీర్పు ఆట ఆడతారు. రాయుడెప్పుడూ ఊళ్లో ఆసామి కొడుకే. చేతులు కట్టుకుని నిలబడేది పల్లె పిల్లోడు. ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

సినిమాలో న్యాయం పది నిమిషాలు. 1985 జూలై 17న కారంచేడులో, తాగే చెరువు మురికి చెయ్యొద్దన్న గొడవ మీద ఆరుగురు మాదిగల్ని చంపితే సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. దళిత మహాసభ కదిలితేనే అదైనా.

సినిమా మానమనను, నాకూ ఇష్టమే. బొమ్మయ్యాక పిల్లల్ని అడగండి: ఆ బండ మీద కూర్చునే హక్కు ఆయనకెవరిచ్చారు?