ఆ బబుల్ టీ వీడియోలో తప్పు నాదే

ఈరోజు కూడా టేస్టింగ్ ఉంది, రేటింగ్‌లు ఉన్నాయి. కానీ ముందు నేను ఒక తప్పు సరిచేసుకోవాలి. స్కిప్ చేయకండి, ప్లీజ్.

పోయిన నెల కూకట్‌పల్లి గల్లీల్లో ఉన్న చిన్న చిన్న కేఫ్‌లలో బబుల్ టీ, ఐస్‌డ్ టీ తాగి ఒక షార్ట్ పెట్టాను, గుర్తుందా? అందులో ఒక కేఫ్‌కి పదికి రెండు ఇచ్చాను. "ఇవి పెర్ల్స్ కాదు బాబోయ్, సైకిల్ ట్యూబ్ ముక్కలు" అన్నాను. ఆ డైలాగ్ బాగా పేలింది. కామెంట్స్‌లో మీరంతా నవ్వారు, నేనూ నవ్వాను.

నాలుగు రోజుల తర్వాత ఆ కేఫ్ నడిపే అక్క మెసేజ్ పెట్టారు. తిట్టలేదు. ఒక్కటే అడిగారు: "తమ్ముడూ, పార్సిల్ ఎన్ని గంటలకి తీసుకున్నావు, ఎప్పుడు తాగావు?"

నేను వెంటనే యూపీఐ హిస్టరీ తీశాను. పేమెంట్ రాత్రి 9:10కి. వీడియో ఫుటేజ్ టైమ్ మర్నాడు ఉదయం 11:40. అంటే ఆ కప్పు రాత్రంతా మా ఫ్రిజ్‌లో ఉంది. ఇంకా దారుణం ఏంటంటే, నా వీడియోలోనే కప్పు మీద స్టిక్కర్ కనిపిస్తోంది, "గంటలోపు తాగండి" అని. నా బొటనవేలు సగం అడ్డం ఉంది, అంతే. ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్ చేశాను, లాగ్స్ చూడకుండా బగ్ ఎవరి మీదా వేయకూడదని జూనియర్లకి క్లాసులు పీకినవాణ్ణి. సరే.

సారీ చెప్పి, ఒకరోజు పొద్దున షాప్ తెరిచే టైమ్‌కి వచ్చి చూడొచ్చా అని అడిగాను. రమ్మన్నారు.

పెర్ల్స్ అంటే ఏంటో ముందు చెప్తాను. అది కర్రపెండలం పిండి. అవును, మన సగ్గుబియ్యం తయారయ్యేది కూడా దాంతోనే. మా అమ్మమ్మ వాళ్ళది సామర్లకోట వైపు. అక్కడ, పెద్దాపురం చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు ఉన్నాయి. తైవాన్‌లో 1980ల్లో ఎవరో ఈ గోళీల్ని చల్లటి పాల టీలో వేశారు. ఎవరు ముందు వేశారన్న దాని మీద తైచుంగ్‌లో ఒక టీ షాపు, తైనాన్‌లో ఒక టీ షాపు పదేళ్ళు కోర్టులో కొట్టుకున్నాయి. 2019లో కోర్టు, ఇది ఎవరైనా చేసుకోగలిగే డ్రింక్, ముందు ఎవరు చేశారో తేల్చాల్సిన పని లేదు అంది. 

అక్క దగ్గర పని ఎలా ఉంటుందంటే, మరుగుతున్న నీళ్ళలో పెర్ల్స్ వేసి అరగంట ఉడికించాలి. స్టవ్ ఆపేసి మూతపెట్టి ఇంకో అరగంట. అప్పుడే లోపల మధ్యలో తెల్ల చుక్క పోతుంది. తర్వాత కడిగి బ్రౌన్ షుగర్ పాకంలో వేస్తారు. ఇంతా చేస్తే అవి బాగుండేది నాలుగు గంటలు. ఆ తర్వాత మిగిలినవి పారేయాలి. నేను ఉన్న రోజు మధ్యాహ్నం రెండింటికి ఆవిడ అర గిన్నె పెర్ల్స్ చెత్తబుట్టలో వేశారు. "మీ వీడియో తర్వాత ఇదే ఎక్కువ పారేస్తున్నా" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. నేను ఆ రోజు కెమెరా ఆపేశాను.

మరి ఫ్రిజ్‌లో ఏమవుతుంది? ఉడికినప్పుడు పిండిలోని స్టార్చ్ నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది. చల్లబడితే మళ్ళీ దగ్గరకి చేరి బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చలికి ఇంకా తొందరగా. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పలుకులు పలుకులుగా గట్టిపడదూ? అదే ఇది. ఐస్ వేసిన కప్పులో కూడా నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. అందుకే బబుల్ టీని ఆర్డర్ పెట్టి నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పి తెప్పించుకుని షాపుని తిట్టకండి. నడిచి వెళ్ళి అక్కడే తాగండి. "పెర్ల్స్ ఎప్పుడు వండారు?" అని అడగండి. నేను అడిగిన ఇంకో కేఫ్‌లో కుర్రాడు "మార్నింగే సార్" అన్నాడు గర్వంగా. అప్పుడు టైమ్ సాయంత్రం ఏడు.

అన్నట్టు, నోట్లో పటుక్కున పగిలి జ్యూస్ వచ్చేవి వేరే. వాటిలో కర్రపెండలం ఉండదు, నాచు నుంచి తీసిన పదార్థంతో చేసిన పల్చటి పొర ఉంటుంది. అవి డబ్బాలో రెడీమేడ్‌గా వస్తాయి కాబట్టి కేఫ్ వాళ్ళకి సుఖం.

అదే షార్ట్‌లో ఇంకో మాట కూడా అన్నాను. వేరే కేఫ్‌లో లెమన్ ఐస్‌డ్ టీ మసకగా ఉందని "నిన్నటిది" అన్నాను. అదీ తప్పే. చిక్కగా కాచిన డికాక్షన్‌ని ఒక్కసారిగా చల్లబరిస్తే టీలోని టానిన్లు, కెఫీన్ కలిసి మసకబారతాయి. పాడైనట్టు కాదు. నిజానికి మసకబారిందంటే లోపల అసలు టీ ఉందని కాస్త నమ్మొచ్చు. పౌడర్, సిరప్ కలిపిన పీచ్ ఐస్‌డ్ టీ ఎప్పుడూ అద్దంలా మెరుస్తుంది, నాకు అదే డౌట్.

షుగర్ సంగతి మాత్రం నేను వెనక్కి తీసుకోను. అక్క కప్పులో పాకం పోస్తుంటే స్కేల్ మీద పెట్టి చూశాం, 45 గ్రాములు. అందులో సగానికి పైగా చక్కెరే. అదనపు చక్కెర రోజుకి 50 గ్రాములు దాటొద్దు, 25 లోపైతే ఇంకా మంచిదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. "సగం పాకం" అని అడిగితే ఏ కేఫ్‌లోనైనా ఇస్తారు. రుచేమీ చెడదు, టీ కాస్త తెలుస్తుంది.

ఇక రేటింగ్. అక్క కేఫ్, బ్రౌన్ షుగర్ మిల్క్ టీ, 160 రూపాయలు, వండిన గంటలోపు తాగాను, సగం పాకంతో. పెర్ల్స్ మెత్తగా మొదలై చివర్లో కాస్త సాగుతున్నాయి. టీ అస్సాం, వగరు తెలుస్తోంది. పదికి ఎనిమిది. పీచ్ ఐస్‌డ్ టీకి నాలుగే, సిరప్ వాసన. ఆ మాట అక్కకి మొహం మీదే చెప్పాను. "అది నేనూ తాగను తమ్ముడూ, కాలేజీ పిల్లలు అడుగుతారని పెట్టా" అన్నారు.

డబ్బులు తీసుకోనన్నారు. నేను స్కాన్ చేసేశాను. పాత షార్ట్ తీసేశాను. దాన్ని డౌన్‌లోడ్ చేసి మీ పేజీల్లో పెట్టుకున్నవాళ్ళు కొంతమంది ఉన్నారు, నాకు తెలుసు. దయచేసి మీరూ తీసేయండి, లేదా ఈ వీడియో లింక్ కింద పెట్టండి. వచ్చే వారం పెద్దాపురంలో ఒక సగ్గుబియ్యం మిల్లుకి వెళ్దామని అనుకుంటున్నా, పర్మిషన్ దొరికితే. బై.