తరగతి గదిలో గురువు కంఠము



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి విచ్చేసిన మీలో ననేకులు ఉపాధ్యాయులు. పాఠశాలలకు చేయూతనిచ్చు దాతలును గలరు. ఉభయులకును సంబంధించిన యొక చిన్న విషయము నెత్తుకొందును. అల్లరిచేయు తరగతిని గురువు తన కంఠముతో నెట్లు నిలుపవలెను?

అల్లరిని మించి కేకవేసిన అల్లరి యణగునని పలువురు తలంతురు. ఫలము విపరీతము. చప్పుడు నడుమ మాటలాడువాడు తనకు తెలియకయే గొంతు హెచ్చించునని ఎటియెన్ లొంబార్డ్ అను ఫ్రెంచి వైద్యుడు 1911లో ప్రకటించెను. బాలురకును నియమ మిదియే. గురువు హెచ్చించినకొలది వారును హెచ్చింతురు. తుదకు సంథ జరుగవలసినచోట సంత సాగును.

మన పూర్వులు కంఠమర్మ మెరిగినవారు. పాణినీయశిక్ష త్వరపడి చదువుటను, కంఠబలము లేకుండుటను గూడ దోషములుగా నెన్నినది. మాధుర్యము, అక్షరస్పష్టత, పదవిభాగము, సుస్వరము, ధైర్యము, లయ యను వానిని గుణములుగా జెప్పినది. ఈ యారింటిలో బిగ్గరగా నరచుటకు చోటు లేదు. ఇవి పాఠకునికి జెప్పిన గుణములైనను పాఠము చెప్పువానికిని వర్తించును.

కోనసీమ యగ్రహారములలో వేదము చెప్పు గురువు ఒకమారు పలుకగా శిష్యులు రెండుమారులు పలుకుదురు. అచట ధ్వని తక్కువ గాదు. కాని దానికి క్రమము గలదు. పూర్వపు వీధిబడులలో ఎక్కములు వల్లె వేయించుటయు నిట్టిదే. కావున బాలుర నోరు మూయించుట గాదు, ఆ నోటికొక వంతు కల్పించుటయే గురువు పని.

ఆచరణ యెట్లన: గదిలో నడుగిడినంతనే పాఠము మొదలిడరాదు. ఎదుట నిలిచి, నిండుగా నూపిరి దీసికొని, అయిదు లెక్కించునంతసేపు మౌనము వహింపవలెను. పిమ్మట మొదటి వాక్యమును మంద్రస్థాయిలో, నిదానముగా, వెనుక బల్లవానికి ప్రత్యక్షరము వినబడునట్లు పలుకవలెను. మాటలాడుచున్న బాలుని దూరమునుండి గద్దింపక, సమీపించి, పేరుపెట్టి యొక ప్రశ్న వేయవలెను. కలకలము మిక్కుటమైనచో తానొక ఎక్కమునెత్తుకొని, తరగతిచే పలికించుచు, క్రమముగా గొంతు తగ్గింపవలెను, వారును తగ్గింతురు. గద్దింపు బ్రహ్మాస్త్రము వంటిది. దినదినము ప్రయోగించినచో దానికెవ్వరును వెరవరు.

ఇది క్రమశిక్షణకు మాత్రమే సంబంధించినది గాదు. 2004లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనలో 1243 మంది ఉపాధ్యాయులను, 1288 మంది యితర వృత్తులవారిని పరిశీలించిరి. ఆ సమయమున కంఠదోషముతో బాధపడుచున్నవారు ఉపాధ్యాయులలో నూటికి 11 మంది, ఇతరులలో ఆరుగురు. రైతునకు ఎడ్లెట్టివో గురువునకు గొంతట్టిది. యువోపాధ్యాయులు పాఠమునకు పాఠమునకు నడుమ మంచినీరు త్రాగుచుండవలెను. బొంగురు మూడు వారములు మించినచో వైద్యునికి జూపవలెను. చిట్కాలతో కాలహరణము చేయరాదు.

ఇక దాతలకొక విన్నపము. ఎంత నేర్పుగల గురువైనను రేకుల కప్పుపై వాన కురియుచుండగా నేమి చేయగలడు? పాఠము సాగునపుడు గదిలోని యితర శబ్దము 35 డెసిబెళ్లకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లో సూచించెను. నున్నని సిమెంటు గోడలు ప్రతి మాటను మరల విసరి, ఒక యక్షరమును వేరొక యక్షరముతో గలిపివేయును. రేకుల క్రింద మరియొక కప్పు వేయించుడు. కిటికీలకు దళసరి తెరలు కట్టించుడు. కొబ్బరిపీచు మన సీమలో కొదవలేదు గదా! పీచు చాపలు వెనుక గోడకు బిగించిన ప్రతిధ్వని తగ్గును. ఇవి భవనమంత వ్యయమగు పనులు గావు.

శిలాఫలకముపై నామము చెక్కించుకొనుట దోషము గాదు. అయినను ఫలకమును స్థాపించుటకు ముందు, పాఠము జరుగుచుండగా ఆ గదిలో వెనుక బల్లపై నొక్క గడియ కూర్చుండి, అచటి బిడ్డకు గురువు మాట వినబడుచున్నదో లేదో స్వయముగా పరీక్షింపుడని ప్రార్థించుచున్నాడను.