పిలిచినవారు, వచ్చినవారు



ఆన్‌లైన్‌లో జనాన్ని కూడగట్టడం గురించి జరిగే సదస్సుకు, నిఘంటువుల పనిలో కళ్ళజోడు మందం పెంచుకున్న నన్ను అధ్యక్షుడిగా ఎందుకు పిలిచారా అనుకున్నాను. పత్రాల శీర్షికలు చూశాక నా పని ఏమిటో కొంత తెలిసింది. చాలా పత్రాలు లెక్కల గురించే: ఎందరు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు షేర్ చేశారు. ఆ లెక్కలు నాకంటే బాగా తెలిసినవారు సాయంత్రం దాకా చెబుతారు. నేను అడగదలచుకున్నది లెక్కలు ముగిశాక జరిగే సంగతి. పిలిస్తే వచ్చి పనిచేసినవాడు, ఒకరోజు నచ్చక లేచి వెళ్ళిపోదలిస్తే, తను చేసిన పనిని వెంట తీసుకుపోగలడా? బ్రాండు పిలిచే పిలుపుకూ, జనం తమలో తాము పిలుచుకునే పిలుపుకూ తేడా నాకు తెలిసేది ఇక్కడే. హంగూ ఆర్భాటం, బహుమతులూ రెండు చోట్లా ఉంటాయి.

పాఠకుణ్ణి పనిలోకి దింపడం ఇంటర్నెట్‌తో పుట్టిన విద్య కాదు. చందమామ చదివి పెరిగినవారికి ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తుండే ఉంటుంది. రెండు ఫోటోలు వేసేవారు. రెంటికీ జత కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు రాసి పంపాలి. గెలిచినవాడికి డబ్బు ముట్టేది కొద్దిగానే, కానీ పేరూ ఊరూ అచ్చులో కనిపించేవి. ఆ అచ్చులో పేరు కోసం ఎన్ని ఊళ్ళలో ఎందరు పిల్లలు ప్రాసలు కుదరక పెన్సిళ్ళు కొరికారో! అంతకు చాలా ముందు, 1879లో, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుడు జేమ్స్ ముర్రే లోకానికంతటికీ ఒక విన్నపం అచ్చువేయించి పంచాడు: మీరు చదివే పుస్తకాల్లో ఏ మాట ఎలా వాడారో చీటీ మీద రాసి నాకు పంపండి అని. చీటీలు లక్షల్లో వచ్చిపడ్డాయి. పంపినవారిలో ఒకడు, హత్య చేసి ఇంగ్లండులో పిచ్చాసుపత్రిలో ఉన్న అమెరికన్ సైనిక వైద్యుడు విలియం మైనర్. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం సేద్యపు మాటలది, 1971లో వచ్చిన రెండోది చేనేత మాటలది. పండితుల ఇళ్ళలో దొరకని ఆ మాటల్ని ఇచ్చింది రైతులూ నేతగాళ్ళూ. వారికి ఏం ముట్టింది అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరూ వేయలేదు. ఇవాళ వేయకుండా కుదరదు.

ఇక కొత్త పద్ధతుల దగ్గరికి వద్దాం. అందరూ మెచ్చుకునే నమూనానే తీసుకుంటాను. లెగో ఇటుకల కంపెనీ 2008లో జపాన్‌లో చిన్నగా మొదలుపెట్టి, తర్వాత ప్రపంచమంతటికీ విస్తరించిన పద్ధతి ఇది. 2014 నుంచి దాని పేరు లెగో ఐడియాస్. మీకొక బొమ్మ ఆలోచన తట్టింది. నమూనా కట్టి ఫోటోలు పెడతారు. గడువులోపు 10,000 మంది మద్దతు కూడగట్టాలి. చాలా మంది ఆశలు అక్కడే ఆగిపోతాయి. ఆ గండం దాటితే కంపెనీ సమీక్ష బృందం చేతిలో పడతారు, పదివేలు దాటినవాటిలోనూ ఎక్కువ భాగం అక్కడ నిలవవు. నిలిచి బొమ్మ బజారుకొస్తే నికర అమ్మకాల్లో 1 శాతం మీది, పెట్టెలోని పుస్తకంలో మీ ఫోటో, పరిచయం. మాయా వైన్‌స్టాక్ అనే సైన్సు రచయిత్రి నాసా మహిళల మీద చేసిన ఊహ ఇలాగే 2017లో బొమ్మల పెట్టె అయింది. అపోలో సాఫ్ట్‌వేర్ రాసిన బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ వేలెడంత బొమ్మగా పిల్లల చేతికి వచ్చింది. ఏ కంపెనీ బోర్డు గదిలోనూ తనంతట తట్టే ఊహ కాదది.

ఇంతవరకు ఒప్పందం బాగానే ఉంది. అయితే మద్దతు బొత్తాం నొక్కినవాణ్ణి చూడండి. నొక్కగానే కొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఈ బొమ్మకు ఎంత ధర పెడతారు, ఎన్ని కొంటారు, ఇది ఎవరికి నచ్చుతుంది, కట్టడం ఎంత కష్టం. పదివేల మంది తీరిగ్గా కూర్చుని నింపిన మార్కెట్ సర్వే అది. సర్వే సంస్థకు అప్పజెబితే ఎంత ఖర్చయ్యేదో మీలో మేనేజ్‌మెంట్ శాఖవారు చెప్పగలరు. ఊహ తెచ్చినవాడికి ఒక శాతం, ఓటేసినవాడికి ఆనందం. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. దానికీ ఒక ధర ఉందని కంపెనీకి బాగా తెలుసు, మనమే మరిచిపోతాం.

అదే ఒక శాతం మన దేశంలోకి చిప్స్ పొట్లంలో వచ్చింది. లేస్ వాళ్ళు 2009లో కొత్త రుచి చెప్పమని దేశాన్నంతా అడిగి, నాలుగు రుచులు బజారులో పెట్టి, ఓట్లు వేయించారు. మస్తానా మ్యాంగో నెగ్గింది. యాభై లక్షల రూపాయలు, అమ్మకాల్లో ఒక శాతం. మామిడికాయ చిప్స్‌లోకి రావడానికి తెలుగువాణ్ణి అడిగితే సరిపోయేది, అంత హడావిడి ఎందుకో నాకు తెలియదు.

పిలిచినవాడి మనసులో ఉన్న జవాబు రాకపోతే ఏమవుతుంది? 2016లో బ్రిటన్ ప్రకృతి పర్యావరణ పరిశోధన మండలి తమ కొత్త ధ్రువ నౌకకు పేరు పెట్టమని జనాన్ని అడిగింది. ఎవరో వేళాకోళానికి సూచించిన బోటీ మెక్‌బోట్‌ఫేస్ అన్న పేరుకు లక్షా ఇరవై నాలుగు వేల ఓట్లు పడ్డాయి. అధికారులు ముఖం చిట్లించి నౌకకు సర్ డేవిడ్ ఆటెన్‌బరో పేరు పెట్టారు. జనం ఊరుకోరని కాబోలు, ఆ నౌకతో పనిచేసే పసుపుపచ్చ మరజలాంతర్గామికి బోటీ పేరు ఇచ్చారు. ఆ బోటీ అంటార్కిటికా సముద్రపు అడుగున నీటి వేడి, కదలికలు కొలిచి మంచి పరిశోధనకే పనికొచ్చింది. ఈ కథను ప్రజాభిప్రాయం మీద జోకుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో పెద్ద తప్పు జనానిది అనిపించదు. తుది నిర్ణయం మాదేనని మొదటే గట్టిగా చెప్పి ఉంటే, సరదా సరదాగానే ముగిసేది.

ఎవరూ పిలవకుండా వచ్చేవారి సంగతి వేరు. 2020 లాక్‌డౌన్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి ‘బుట్టబొమ్మ’ పాటకు స్టెప్పులేసి టిక్‌టాక్‌లో పెట్టాడు. అప్పటికే ఊళ్ళలో వేలమంది వేస్తున్న స్టెప్పులే అవి. ఆ పాట కోసం ఎంత ప్రచార ఖర్చు పెట్టినా అంత దూరం పోయేది కాదు. 2014లో అమెరికాలో నెత్తిన మంచునీళ్ళు గుమ్మరించుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే సంఘానికి 11.5 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. ఆ డబ్బులో కొంత పెట్టిన పరిశోధన 2016లో ఆ జబ్బుతో ముడిపడిన ఒక జన్యువును పట్టుకుంది. 2014లోనే మన హైదరాబాద్‌లో జర్నలిస్టు మంజులత కళానిధి ఆ బకెట్లో నీళ్ళకు బదులు బియ్యం పోసి, లేనివాళ్ళకు ఇవ్వమన్నారు. రైస్ బకెట్ ఛాలెంజ్ అలా పుట్టింది. ఇచ్చినవాడు బియ్యం వెనక్కి అడగడు. అది దానం, ఇచ్చేటప్పుడే దానమని తెలిసి ఇచ్చాడు.

చిక్కంతా దానమో పనో తెలియకుండా రోజూ చేస్తూ పోయే చోట. రెడిట్ సంగతి చెబుతాను, ఈ విషయంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు. అందులో వేల చర్చావేదికలున్నాయి. తోటపని నుంచి ఖగోళశాస్త్రం దాకా. ప్రతి వేదికకూ మాడరేటర్లుంటారు: తిట్లు తీసేసేవారు, అబద్ధాలు ఆపేవారు, కొత్తవారికి నియమాలు చెప్పేవారు. జీతం లేదు. 2023లో కంపెనీ, బయటి యాప్‌లు తన సమాచారాన్ని వాడుకోవడానికి భారీ రుసుములు ప్రకటించింది. మాడరేటర్లు పనికి వాడుకునే యాప్‌లు కొన్ని మూతపడే పరిస్థితి వచ్చింది. జూన్‌లో వేల వేదికలకు వారు తలుపులు వేసేశారు. కంపెనీ దిగిరాలేదు. తెరవకపోతే మీ స్థానంలో వేరేవాళ్ళను పెడతామని హెచ్చరించింది. చాలామంది తెరిచారు. పదేళ్ళు, పన్నెండేళ్ళు పెంచి పోషించిన వేదికను వారు మూయగలిగారే గాని, ఎత్తుకుని ఇంకో చోటికి పోలేకపోయారు. కాగితం లేని కౌలు సాగంటే ఇదే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఆ చర్చలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకోనిచ్చే ఒప్పందం గూగుల్‌తో కుదిరింది. ఏడాదికి ఆరు కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. మార్చిలో రెడిట్ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడు పాత సభ్యులకూ మాడరేటర్లకూ కొన్ని షేర్లు కేటాయించింది. ఊరికే ఇవ్వలేదు, డబ్బు పెట్టి కొనుక్కొమ్మంది!

దీనికి పక్కన ఇంకో కథ పెడతాను. 2002 ఫిబ్రవరిలో స్పానిష్ వికీపీడియాలో రాసేవారికి, ఇందులో ప్రకటనలు వేస్తారేమోనన్న అనుమానం వచ్చింది. వాదించారు, వారికి తృప్తి కలగలేదు. అప్పటిదాకా రాసిన వ్యాసాలన్నీ మూటగట్టుకుని వెళ్ళి ఎన్సిక్లొపీడియా లీబ్రే అనే వేరు విజ్ఞానసర్వస్వం పెట్టుకున్నారు. లైసెన్సు దానికి ఒప్పుకుంటుంది గనక వెళ్ళగలిగారు. ఆ దెబ్బకు వికీపీడియా ప్రకటనల దారి వదిలేసింది, అదే ఏడాది చిరునామా చివర డాట్ కామ్ పోయి డాట్ ఆర్గ్ వచ్చింది. వెళ్ళినవారి ప్రాజెక్టు పెద్దగా పెరగలేదన్నది నిజమే. కానీ వెళ్ళగలమన్న బలం ఉండబట్టే వారి మాట చెల్లింది. మాడరేటర్లకు లేనిది అదొక్కటే.

అలాంటి లైసెన్సు కింద మన భాషలో పని ఎలా జరుగుతుందో చూడాలంటే వికీపీడియాకు తోబుట్టువైన తెలుగు వికీసోర్స్‌లో ఒక పాత పుస్తకం తెరవండి. ఒక పక్క స్కాన్ చేసిన పుట, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం. యంత్రానికి మన పాత అచ్చు అంటే ఎక్కడలేని తికమక. అరసున్నను బ్రాకెట్టు అనుకుంటుంది. ‘మనము’ కాస్తా ‘వునవు’ అవుతుంది. దిద్దనంతకాలం ఆ పుట ఎరుపు రంగులో ఉంటుంది. ఒకరు అక్షరమక్షరం సరిచూశాక పసుపు అవుతుంది. ఆకుపచ్చ చేయడానికి రెండో మనిషి రావాలి, మొదట దిద్దినవాడికి ఆ హక్కు లేదు. ఎవరు ఏ రోజు ఏ అక్షరం మార్చారో చరిత్రలో ఉంటుంది. అచ్చుతప్పును కూడా ఒప్పు చేయకుండా ఉన్నదున్నట్టు ఉంచాలా వద్దా అని చర్చాపేజీలో నాలుగు రోజులు తగాదా పడినవాళ్ళను చూశాను. ఇద్దరిలో ఒకరు తపాలా ఉద్యోగం చేసి రిటైరైనవారు, ఒకరు ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. విశ్వవిద్యాలయాల్లో పాఠపరిష్కరణ మీద అంత పట్టుదల ఈ మధ్య నాకు కనిపించలేదు.

ఇంత చెప్పి ఒక ఇబ్బంది దాచకూడదు. అలా దిద్దిన పాఠాన్ని ఏ పెద్ద కంపెనీ అయినా తన కృత్రిమ మేధకు మేపుకోవచ్చు. లైసెన్సు అడ్డు చెప్పదు, మూలం చెప్పమంటుంది, మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచమంటుంది, అంతే. ఆ మాటైనా ఎవరు పాటిస్తున్నారు? ఇదంతా తెలిసి కూడా నా మొగ్గు అటే. కంపెనీ తీసుకున్నా పుస్తకం మన దగ్గర మిగిలే ఉంటుంది, రేపు ఇంకొకరు వాడుకోవచ్చు. 2014లో ఆర్కుట్ మూసేసినప్పుడు, 2019లో యాహూ గ్రూపుల పాత ఉత్తరాలు తుడిచేసినప్పుడు మనవాళ్ళు రాసుకున్నవి ఎన్ని పోయాయో ఈ సభలో అమెరికా నుంచి వచ్చిన మిత్రులకు బాగా తెలుసు. దాచుకున్నవారి కంప్యూటర్లలో ఉన్నంతే మిగిలింది.

ప్రభుత్వం కూడా ఇప్పుడు పిలుస్తోంది. భారతీయ భాషల సాంకేతికత కోసం కేంద్రం పెట్టిన భాషిణి కింద, భాషాదాన్ పేరుతో మీ మాట రికార్డు చేయండి, ఇంకొకరి మాట సరిచూడండి అంటున్నారు. ప్రభుత్వం బయట, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు కథలను యంత్రానికి పనికొచ్చేలా సిద్ధం చేయించింది. రేపు మన శాఖలూ ఇలాంటి పిలుపులు ఇస్తాయి, ఇవ్వాలి కూడా. ఇచ్చేముందు షరతులు తెలుగులో, ఒక పేజీకి మించకుండా రాయాలి. వచ్చిన పాఠం ఎవరికి అందుతుంది, ఎవరైనా మొత్తం దించుకోవచ్చా, పనిచేసినవారి పేర్లు ఎక్కడ వేస్తారు, పని ఆగిపోతే సరుకు ఎక్కడ ఉంటుంది. ‘కమ్యూనిటీ’ అని బ్యానర్ కట్టేముందు ఇది రాయలేని విభాగం, కొంతకాలం ఆ బ్యానర్ కట్టకపోవడమే మంచిది.

ఈ సదస్సు పత్రాల సంగతిలోనే ఆ పని మొదలుపెట్టమని నిర్వాహకులను అడిగాను. పత్రాలను స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వడానికి రచయితలు ఒప్పుకుంటే సంతకాల కాగితం టీ విరామంలో బల్ల మీద ఉంటుంది. ప్రూఫులు దిద్దిన విద్యార్థుల పేర్లు సంపుటిలో వేస్తామని సంపాదకులు మాట ఇచ్చారు. ఒప్పుకోని రచయితలకు బలవంతం లేదు, కారణం మాత్రం చర్చలో చెప్పమని నా కోరిక.

నాకిచ్చిన సమయం అయిపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. మొదటి సమావేశం సినిమా అభిమానుల హ్యాష్‌ట్యాగుల మీద. పత్ర సమర్పకుల్ని వేదిక మీదికి రమ్మని కోరుతున్నాను.