ఎండిన మిడత సాక్ష్యం చెల్లదు

నాకు పాఠం చెప్పిన మాస్టారి పేరిట ఉన్న ఎండోమెంటు ప్రసంగానికి పెద్దవూర పిలిచారు, సంతోషం. ఆయన గొప్ప ఉపాధ్యాయుడని నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. ఆయన చుట్ట వాసన ల్యాబ్‌లో ఫార్మలిన్‌ను కూడా ఓడించేది. నా రికార్డులో బొమ్మలు చూసి ‘నువ్వు లెక్కల్లో చేరాల్సిందిరా’ అన్నారు. ఇక విషయానికి వస్తాను.

ఒంటరి మిడతా, దండు మిడతా ఒకే జాతికి రెండు అవస్థలని కీటక శాస్త్రవేత్త ఉవరోవ్ 1921లోనే చెప్పాడు. 2020లో ఎడారి మిడతలు విదర్భ దాకా వచ్చి ఆదిలాబాద్ రైతులకు నిద్ర లేకుండా చేశాయి. ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం.

నా పేచీ గడ్డి మిడత గురించి. మొనదేలిన తల, కత్తిలాంటి మీసాలు, శాస్త్రం పేరు అక్రిడా ఎక్సాల్టాటా. వరి గట్టు మీద పచ్చగా దొరికేదీ, ఎర్ర చెలకలో ఎండుగడ్డి రంగులో దొరికేదీ ఇదే. మైదానంలో పచ్చవి, ఎత్తుకు పోయేకొద్దీ గోధుమవి, అమ్రాబాద్ పీఠభూమి మీద గోధుమవే ఎక్కువ అని మన తరగతుల్లో పాఠం చెప్తూ వస్తున్నారు. దేన్నిబట్టి? సూదులు గుచ్చి పెట్టెల్లో పెట్టిన నమూనాలను బట్టి!

మిడత పచ్చదనం ఒక్క రంగు కాదు. నీలపు బిలివెర్డిన్, పసుపు కెరోటినాయిడ్ కలిస్తే పచ్చ. చచ్చి ఎండాక ఆ పొత్తు నిలవదు. ఓ పాత పెట్టె తెరిచి చూశాను. నాఫ్తలీన్ ఘాటు, వరసంతా గడ్డివాము రంగు. వెనక తొడ మడతలో మాత్రం గోటి గీతంత ఆకుపచ్చ మిగిలింది. చీటీ మీద ఊరుంది, తేదీ ఉంది. రంగు ఎవరూ రాయలేదు. దాన్ని చూసి ఎత్తుకూ రంగుకూ లంకె పెట్టడం మిడతంభొట్లు జోస్యం. ఆయనకైనా రాజు పిడికిట్లో నిజంగానే మిడత ఉంది, అదృష్టం కలిసొచ్చింది.

దీనికి జవాబుగా, పరిసరాలు మిడత రంగును మార్చవనేవాళ్లు నాకు ఆల్ప్స్ చూపిస్తారు. గోంఫోసెరస్ సిబిరికస్ అనే కొండ మిడత మీద వాల్వెర్దె, షీల్జెత్ 2015లో ప్రయోగం చేశారు. నేల రంగు మార్చినా, వేడి మార్చినా పచ్చది గోధుమ కాలేదు, గోధుమది పచ్చ కాలేదు, ఒక్కటీ మారలేదు. ఒప్పుకుంటాను, గట్టి పని. కానీ ఆస్ట్రేలియా మంచుకొండల మీద కోసియుస్కోలా ట్రిస్టిస్ అని ఇంకోటుంది. దాని మగది చలికి నల్లబడుతుంది, ఎండెక్కితే నీలమవుతుంది. కీ, డే 1954లోనే దాన్ని వివరించారు. రెండూ కొండ మిడతలే, ఒకటి మొండిది, ఇంకోటి ఊసరవెల్లి. ఇక ‘కొండ మిడతల సూత్రం’ ఎక్కడిది?

అసలు అక్రిడా గురించి అక్రిడానే అడగాలి కదా! టర్కీలో ఎర్గెనె 1950లో అక్రిడా టురిటా పరిసరాలను బట్టి రంగు మార్చుకుంటుందని చూపించింది. రోవెల్ 1971 సమీక్షలో తేమకూ, కుబుసం విడవడానికీ రంగుతో ఉన్న సంబంధమంతా పోగుపడి ఉంది. మనవాళ్లు దాన్ని ఉటంకిస్తారు, చదివినట్టు మాత్రం లేరు.

నా వాదన ఒక్కటే: ఇక్కడ ఎత్తు కాదు, తేమను చూడండి. పరీక్షకు ఈ పెద్దవూరను మించిన చోటు లేదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాలువ హాలియా, మిర్యాలగూడ మీదుగా కోదాడ వైపు పోతూ వరి పచ్చదనాన్ని వెంట తీసుకుపోయింది. కాలువ గట్టెక్కి నాలుగడుగులు వేస్తే ఎండు గుట్ట, బోద గడ్డి. ఎత్తులో తేడా నామమాత్రం, తేమలో తేడా బోలెడు. ఎత్తే కారణమైతే రెండు చోట్లా ఒకే రంగు కనబడాలి.

అందుకే ఇప్పుడు చేస్తున్న పని: కాలువ నుంచి గుట్ట దాకా గీత గీసినట్టు నడవడం, బతికున్న పిల్ల మిడతను రంగుల కార్డు పక్కన పెట్టి ఫొటో తీయడం, కొన్నిటిని జాలీ పెట్టెల్లో పెంచి కుబుసం విడిచాక మళ్లీ చూడటం. పచ్చవాటిని ఎండుగడ్డి మీద, గోధుమవాటిని పచ్చిక మీద. అమ్రాబాద్‌లోనూ ఇదే పద్ధతి, అక్కడా వాగు పక్కనా, రాతి మీదా. తేమ కాదని తేలితే అదే అచ్చేస్తాను. ఈ ఎండోమెంటు మిగులు డబ్బులు శాలువాలకు కాక జాలీకీ, కార్డులకూ ఇప్పించండి. వానాకాలంలో సెలవు రోజుల్లో ఇద్దరు పిల్లలను పంపండి, చీటీ మీద రంగు రాయడం నేను నేర్పుతాను.