జరిమానా కట్టేస్తే సరిపోతుందా?



మొన్న బడిలో తల్లిదండ్రుల సమావేశం అయ్యాక ఒక తండ్రి అందరూ వెళ్ళేదాకా ఆగి, మెల్లగా అడిగారు. "మాస్టారూ, మా పెద్దవాడు నేవీలో సెయిలర్ కదా. సెలవుకి వచ్చి వీధి కొట్లాటలో ఇరుక్కున్నాడు. తప్పు ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందంటున్నారు. కట్టించేసి పంపించమంటారా?"

"తొందరపడకండి" అన్నాను. ఎందుకో మీకూ చెబుతాను.

తప్పు ఒప్పుకుని జరిమానా కట్టినా, కోర్టు దోషిగా తేల్చినట్టే లెక్క. నావికుడికి అది అక్కడితో ఆగకపోవచ్చు. 1957 నాటి నౌకాదళ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అతని కొలువు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే. నౌకాదళాధిపతిగాని, నిబంధనలు అధికారమిచ్చిన మరో అధికారిగాని అతన్ని తొలగించవచ్చు. సివిల్ ఉద్యోగులకు రాజ్యాంగం 311వ అధికరణం ఇచ్చే రక్షణ అతనికి లేదు.

"ఒకే తప్పుకు రెండు శిక్షలా?" అంటారేమో. 20వ అధికరణం వద్దనేది, ఒకే నేరానికి రెండోసారి ప్రాసిక్యూట్ చేసి శిక్షించడాన్ని. శాఖాపరమైన విచారణ అలాంటి ప్రాసిక్యూషన్ కాదని సుప్రీంకోర్టు 1954లోనే వెంకటరామన్ కేసులో చెప్పింది.

పెద్ద హోదా ఉన్నా కోర్టు కోర్టే. 1959లో బొంబాయిలో జరిగిన హత్యకేసులో కమాండర్ నానావతికి 1960 మార్చిలో హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అదేరోజు గవర్నరు, అప్పీలు తేలేదాకా ఆయన నౌకాదళం కస్టడీలోనే ఉండేలా శిక్షను నిలిపారు. ఆ గవర్నరు అంతకుముందు, 1952-56లో, మన మదరాసులో ఉన్న శ్రీప్రకాశగారే. కేసు సుప్రీంకోర్టు చేతిలో ఉండగా ఆ ఉత్తర్వు పనిచేయదని 1960 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 1961లో శిక్ష ఖాయమైంది. క్షమాభిక్ష దొరికింది 1964లో.

అలాగని శిక్ష పడిన ప్రతివాణ్ణీ వెళ్ళగొట్టి తీరాలనీ లేదు. నేరం ఎలాంటిది, మనిషి నడత ఎలాంటిది అన్నవి చూడవలసిన సంగతులు. కాని ఆ నిర్ణయం మన చేతిలో ఉండదు. మన చేతిలో ఉన్నది కోర్టు గుమ్మం దగ్గర ఆలోచించడమే.

అందుకే ఆ తండ్రికి మూడు మాటలు చెప్పాను. ఒకటి, వకీలును కలవకుండా ఏదీ ఒప్పుకోవద్దు. రెండు, చిన్న దెబ్బల కేసుల్లో రాజీకి చట్టం వీలిస్తుంది. సక్రమంగా జరిగిన రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంటుంది. తప్పు మనవాడిదైతే దెబ్బతిన్నవారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగడానికి సిగ్గుపడవద్దు. మూడు, కేసు సంగతి అబ్బాయి తన కమాండింగ్ ఆఫీసరుకు తానే చెప్పాలి. దాస్తే కొట్లాటకు అబద్ధం తోడవుతుంది.

మీ ఇంట్లోనూ యూనిఫారం వేసుకున్న బిడ్డ ఉంటే, సెలవుకి వచ్చినప్పుడు ఈ మాట చెవిన వేయండి. సెలవు.